లొరీథా గెయిన్స్ పాయలు, నా నాలుగు వాక్యాలు

పాస్టరు విట్లో గారికి, లొరీథా కూతురు డెలోరాకి, మనవరాలు జనీయాకి, గాయక బృందానికి, వంటగది గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ ఆడవాళ్లకి, వానలో తడిసి మరీ వచ్చిన మీ అందరికీ వందనాలు.

మన లొరీథా గెయిన్స్ పోయి ఇవాళ్టికి మూడు వారాలు. అరవై ఒక్క ఏళ్లకే గుండె ఆగిపోయింది. మన మౌంట్ నీబో చర్చి హాల్లో ఆమె లేకుండా జరుగుతున్న మొదటి సభ ఇది. ప్రతి సభకీ ఆ తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆలస్యంగా వచ్చినవాళ్లకి చేతి గడియారం చూపించి, "ఏం బాబూ, రేపటి సభకి ఇప్పుడే వచ్చేశావా?" అనేది. ఇవాళ మీలో సగం మంది ఆలస్యంగా వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. అంత్యక్రియల రోజున రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

నేను తెలియనివాళ్లు ఇక్కడ తక్కువే. అయినా కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు బెర్నడీన్ టాలివర్. డెబ్బై రెండేళ్లు. ఈ చర్చి రికార్డులు రాసేది నేనే. మన కౌంటీ ఆసుపత్రి రిసెప్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. అంత్యక్రియల నాడు చర్చి తరఫున సంతాప తీర్మానం రాసిందీ, చదివిందీ నేనే. "న్యాయం కోసం అలుపు లేకుండా నిలబడిన సోదరి" అని చదివాను. మీరంతా గట్టిగా ఆమెన్ అన్నారు. అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ ఆమె ఎవరి మాటకి ఎదురు నిలబడాల్సి వచ్చిందో నేను రాయలేదు. ఆ పేరు నాకు తెలుసు. రాయడానికి చెయ్యి రాలేదు. ఇవాళ చెప్పడానికి వచ్చాను.

ఒక్క మనవి, అమ్మలారా, అయ్యలారా. మన అలవాటు నాకు తెలుసు. మాట బాగుంటే ఆమెన్ అంటాం. మాట్లాడేవాళ్లు తడబడితే "పర్లేదక్కా, నెమ్మదిగా చెప్పు" అంటాం. ఇవాళ నాకు ఆ రెండూ వద్దు. మీరు అలా అంటే నేను దాన్ని పట్టుకుని వేలాడతాను. నా సంగతి నాకు తెలుసు. వినండి, అంతే. ఆ వెనక బల్ల దగ్గర కోడి ముక్కల మీద కాగితం చప్పుడు చేస్తున్నవాళ్లు కూడా కాసేపు ఆగండి, అవెక్కడికీ పోవు.

ముందు అసలు సంగతి. వచ్చే గురువారం రాజధానిలో శాసనసభ కమిటీ ముందుకి ఒక బిల్లు రెండోసారి వస్తోంది. పెద్ద బిల్లేమీ కాదు, పేజీన్నర. మన నల్లవాళ్ల తలల్లా జుట్టు రింగులు తిరిగి ఉందనో, జడలు అల్లుకుందనో, విప్పడానికి రాని తాళ్లలా పాయలు కట్టించుకుందనో ఎవరినీ ఉద్యోగంలోంచి గానీ బడిలోంచి గానీ తీసెయ్యకూడదు. అంతే అందులో ఉన్నది. ఆ బిల్లు కోసం లొరీథా ఏడేళ్లు తిరిగింది. ఇదిగో, ముందు వరసలో కూర్చున్న ఈ పిల్ల, జనీయా, పద్దెనిమిదేళ్లది. నేను పనిచేసిన ఆసుపత్రిలోనే నర్సు సహాయకురాలి శిక్షణలో సీటు తెచ్చుకుంది. మార్చి ఒకటిలోగా పాయలు కోయించుకుని రా, లేకపోతే సీటు లేదు అని దానికి ఉత్తరం ఇచ్చారు. అమ్మమ్మకి ఏ నియమం చూపించారో మనవరాలికీ అదే నియమం. పద్నాలుగేళ్లయినా ఒక్క అక్షరం మారలేదు. ఎందుకు మారలేదో తెలుసా? నావల్ల.

గుసగుసలొద్దు. చెబుతాను.

మీకు ఈస్టరు ముందు శనివారాలు గుర్తున్నాయా? పొయ్యి మీద జుట్టు సాపు చేసే ఇనప దువ్వెన కాలుతూ ఉండేది. మా అమ్మ నన్ను రెండు మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, "చెవి మడిచి పట్టుకోవే" అనేది. నేను చెవి మడిచి, ఊపిరి బిగబట్టి, పళ్లు కరుచుకుని కూర్చునేదాన్ని. వేజలీను కాలిన వాసన, జుట్టు కాలిన వాసన. కదిలితే చెవి కాలేది. ఈ హాల్లో ఎన్ని చెవులు కాలాయో చేతులెత్తి చెప్పక్కర్లేదు, ఇక్కడి నుంచి నాకు మచ్చలు కనబడుతూనే ఉన్నాయి. "తెల్లవాళ్ల ముందుకి వెళ్లే తల నున్నగా ఉండాలి, అప్పుడే నీ మాట వింటారు" అనేది అమ్మ. ఆవిడ తప్పు చెప్పిందని నేననను. ఆవిడ బతికిన కాలం అది. కానీ ఆ మాటని నేను దేవుడి వాక్యంలా మోసుకు తిరిగాను. మోసుకెళ్లి ఆసుపత్రి రిసెప్షన్ బల్ల మీద పెట్టాను.

సూపర్‌వైజర్ని అయ్యాక ఒక పని మొదలుపెట్టాను. మన పిల్లలు ఎవరైనా ఉద్యోగానికి వస్తే, పై అధికారి గదిలోకి వెళ్లకముందే వాళ్లని పక్కకి పిలిచేదాన్ని. తలకేసి ఒక్క చూపు చూసేదాన్ని. "ఈ తలతో లోపలికి వెళ్లకు తల్లీ. మీ అమ్మమ్మకి ఒంట్లో బాగోలేదని నేను చెబుతాను. జుట్టు సాపు చేయించుకుని రేపు రా" అనేదాన్ని. అబద్ధం నేనే ఆడేదాన్ని, సమయం నేనే తెచ్చిపెట్టేదాన్ని. వాళ్లు నున్నగా దువ్విన తలతో వచ్చేవాళ్లు. ఉద్యోగం వచ్చేది. అలా వచ్చినవాళ్లు ఈ హాల్లో పదకొండు మంది ఉన్నారు. ప్రతి క్రిస్మస్‌కీ నాకు కేకులు పంపుతారు. నేను వాళ్లని కాపాడుతున్నాననే అనుకున్నాను. పై అధికారులచేత ఈ పిల్లల్ని గేటు దగ్గర ఆపించడం ఎందుకు, నేనే ఆపేస్తే పోతుంది కదా అనుకున్నాను. ఇంత తెలివి తక్కువ తెలివి ఇంకెవరికి ఉంటుంది చెప్పండి!

అప్పుడొచ్చింది లొరీథా. వేరే ఊరి ఆసుపత్రి నుంచి బదిలీ మీద వచ్చింది కాబట్టి ఇంటర్వ్యూ లేదు, నా చేతికి చిక్కలేదు. వీపు దాటిన పాయలు. ఒక్కోటీ నా చిటికెన వేలంత. వాటిని వెనక్కి తీసి, నల్ల రిబ్బనుతో కట్టుకుని వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. నేను అధికారి గది తలుపుకేసి చూశాను. ఆమె మాత్రం పెన్సిళ్లు చెక్కుకుంటూ కూర్చుంది.

ఆ వారమే ఒక తెల్లావిడ వచ్చింది. భర్తని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు. ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఏం తోచక లొరీథా దగ్గరికి వచ్చి, "ఇదంతా నీ జుట్టేనా?" అని అడిగింది. నేను కళ్లు మూసుకున్నాను. లొరీథా ఏమందో తెలుసా? "సగం నాదమ్మా, సగం మా అమ్మది. ఆవిడ చనిపోయిన నెలలోనే వీటిని మొదలుపెట్టాను. పొద్దున్నే ఆవిడ నా తల దువ్వేది, పోయాక దువ్వెన ముట్టుకోబుద్ధి కాలేదు. అందుకే ఇలా కట్టేశాను" అంది. ఆ తెల్లావిడ కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్లమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టింది. భర్త బయటికి వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను ఇరవై మూడేళ్లుగా ఆ బల్ల దగ్గర ఉన్నాను. ఒక్క రోగి భార్యయినా నా దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు నాకు గుర్తు లేదు.

ఏడాది తిరక్కుండా కొత్త అధికారి వచ్చాడు, కొత్త నియమం వచ్చింది. రిసెప్షన్‌లో కూర్చునేవాళ్ల జుట్టు "పొందికగా, వృత్తికి తగినట్టు" ఉండాలట. జడలు, పాయలు కుదరవట. ఆమెకి ఎవరు చెప్పాలి? నేనే చెబుతానన్నాను. నేను చెబితే మెత్తగా ఉంటుందని. దుప్పట్లు పెట్టే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను. "కోసేసుకో లొరీథా, జుట్టే కదా, మళ్లీ మొలుస్తుంది" అన్నాను.

ఆమె నాకేసి చూసింది. "బెర్నడీనక్కా, నేను వచ్చాక ఒక్క ఫైలు తప్పిపోయిందా?" అంది. లేదన్నాను. "ఒక్క రోగి నా మీద ఫిర్యాదు చేశాడా?" లేదన్నాను. "మరి నా తల ఏం తప్పు చేసింది?" అంది. సూపర్‌వైజర్ని కదా, జవాబు లేనప్పుడు గొంతు పెంచుతాను. "ఉద్యోగం కావాలా, పాయలు కావాలా తేల్చుకో" అన్నాను. ఆమె నవ్వింది. "ఉద్యోగం కూడా జుట్టులాంటిదే కదక్కా, మళ్లీ మొలుస్తుందిలే" అని, మడత పెట్టని దుప్పటి ఒకటి కనిపిస్తే మడిచి పైన పెట్టి వెళ్లిపోయింది. శుక్రవారానికి ఆమె బల్ల ఖాళీ.

ఆమె ఊరుకోలేదు. కోర్టుకెళ్లింది. అప్పుడు ఆసుపత్రి లాయరు నా దగ్గరికి వచ్చాడు. ఎంత మర్యాద! నాకు కాఫీ తెచ్చిచ్చాడు. నా కుర్చీ సరిచేశాడు. ఒక కాగితం ముందు పెట్టి, "మీలాంటి అనుభవజ్ఞులు ఒక్క మాట చెబితే చాలు మేడమ్" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఆ ఆసుపత్రిలో నన్ను ఎవరైనా అనుభవజ్ఞురాలు అన్నది ఆ ఒక్క రోజే. అఫిడవిట్ అది. నాలుగు వాక్యాలు. నాకు కంఠతా వచ్చు, వినండి.

"నేను నల్లజాతి స్త్రీని. ఈ ఆసుపత్రిలో ఇరవై నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. జుట్టుకి సంబంధించిన నియమం మా జాతివారికి వ్యతిరేకమని నాకెన్నడూ అనిపించలేదు. జుట్టు ఎవరైనా ఎప్పుడైనా మార్చుకోగలిగినదే."

మొదటి రెండూ నిజాలు. మూడోది? నాకెన్నడూ అనిపించలేదా? మరి ఆ పదకొండు మంది పిల్లల్ని ఎందుకు వెనక్కి పంపాను? వాళ్ల అమ్మమ్మలకి ఎందుకు జబ్బులు అంటగట్టాను? ఇక నాలుగోది. ఎవరైనా ఎప్పుడైనా మార్చుకోగలరట! అంతకుముందు శనివారమే నేను జుట్టు సాపు చేసే మందు పెట్టుకున్నాను. అది మాడుని కాల్చేసింది. చెవి పైన పుండు ఇంకా పచ్చిగానే ఉంది. ఆ పుండు మీద జుట్టు కప్పుకుని, ఎప్పుడైనా మార్చుకోవచ్చు అన్న వాక్యం కింద సంతకం పెట్టాను. పేరు పూర్తిగా రాశాను, మధ్య పేరుతో సహా.

జడ్జి కేసు కొట్టేశాడు. ఒంటి రంగు మార్చుకోలేరు కాబట్టి రంగును బట్టి తీసేస్తే చట్టం అడ్డుకుంటుంది, జుట్టు మార్చుకోగలరు కాబట్టి జుట్టును బట్టి తీసేస్తే అడ్డుకోదు అన్నాడు. అందుకు సాక్ష్యంగా, పేరు చెప్పకుండా, అదే జాతికి చెందిన సూపర్‌వైజరు మాట అంటూ నా నాలుగో వాక్యం పైకి చదివాడు. ఆ గదిలో లొరీథా ఉంది. నేను లేను. నాకు ఆ రోజు డ్యూటీ ఉంది. అడిగితే సెలవు ఇచ్చేవాళ్లు. నేను అడగలేదు.

ఆ ఆదివారం చర్చికి ఎలా వచ్చానో నాకే తెలియదు. లొరీథా అప్పటికే నా వరసలో కూర్చుని ఉంది. లేచి వేరే వరసలోకి వెళుతుందేమో అనుకున్నాను. పోనీ, నాలుగు తిడుతుందేమో అనుకున్నాను. ఆమె కాస్త జరిగి నాకు చోటిచ్చింది. అంతే. మీలో ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలోని మన సూపర్‌వైజర్లలో అఫిడవిట్ ఇచ్చింది ఎవరని ఈ ఊరు నెలల తరబడి మాట్లాడుకుంది. నేనూ మీతో కూర్చుని, తల ఆడిస్తూ, "అలాంటి మనుషులు కూడా ఉంటారా!" అన్నాను. అన్నానా లేదా? రోజెట్టా, నీ ఇంట్లోనే కదూ అన్నాను? తల దించుకోకు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు.

ఆ తరవాత సంగతి మీకు తెలిసిందే. ఆమె ముందుగదిలో రెండు కుర్చీలు వేసి, జడలు అల్లడం మొదలుపెట్టింది. జడకి పూసలు ఉన్నాయని బడి నుంచి ఇంటికి పంపేసిన పిల్లలు ఆమె ముందుగదిలో కూర్చుని లెక్కలు చేసుకునేవాళ్లు. మన చర్చి వాళ్లని వెంటేసుకుని రాజధానికి వెళ్లేది. ఒక్కసారి కూడా ఖాళీ చేతులతో వెళ్లలేదు, శాసనసభ్యుల గుమాస్తాలకి చిలగడదుంప కేకులు పట్టుకెళ్లేది. "సభ్యులు మన ముఖం చూడరు, గుమాస్తాలు కేకు మొహం చూస్తారు" అనేది.

ఆరేళ్ల క్రితం, నేను రిటైరైన ఏడాది, నా జుట్టు ఊడిపోయింది. యాభై ఏళ్ల మందు. స్నానం చేస్తుంటే కుచ్చులు కుచ్చులుగా చేతిలోకి వచ్చేసింది. మూడు ఆదివారాలు చర్చికి రాలేదు. ఒంట్లో బాగోలేదని కబురు పంపాను. ఈసారి అబద్ధం నా కోసమే ఆడాను. మూడో ఆదివారం మధ్యాహ్నం లొరీథా నా తలుపు కొట్టింది. చేతిలో సంచి. నూనె సీసాలు. నా జబ్బేమిటో ఎలా పసిగట్టిందో మరి. లోపలికి రమ్మనకుండానే వచ్చేసి, వంటింట్లో కుర్చీలో కూర్చుని, నేల మీద దిండు పడేసి, "కూర్చోండి" అంది. అరవై ఆరేళ్ల దాన్ని, చిన్నపిల్లలా ఆమె మోకాళ్ల మధ్య కూర్చున్నాను.

తలకి కట్టుకున్న గుడ్డ విప్పింది. "ఎన్నేళ్లయింది ఈ మందు?" అంది. యాభై అన్నాను. "అమ్మో! హత్య చేసినవాళ్లని కూడా ఈలోగా వదిలేస్తారు" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. ఆమె వేళ్లతో నూనె అద్దుతోంది. ఎక్కడ పుండు ఉందో అక్కడ వేలు ఆగి, పక్కనుంచి వెళ్లేది. నా తలని ఇంత మెత్తగా ఎవరూ ముట్టుకోలేదు, మా అమ్మ కూడా. అప్పుడు నోరు విప్పాను. "లొరీథా, ఆ కాగితం..." అన్నాను.

"తల కదపకండి" అంది.

నేను కదపలేదు. మాట కూడా మింగేశాను. చెప్పొద్దంటోంది కాబోలు, క్షమించేసింది కాబోలు అని నాకు అనుకూలంగా అర్థం చేసుకున్నాను. ఆమె నూనె రాస్తోంది కాబట్టి కదలవద్దంది. క్షమించానని అనలేదు. ఆ తరవాత ప్రతి రెండో శనివారం వచ్చింది, ఆరేళ్లు. నూట యాభై శనివారాలు దాటి ఉంటాయి. ప్రతిసారీ నాకు అవకాశం ఉంది. ప్రతిసారీ వాన గురించి మాట్లాడాను, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడాను.

పోయిన మార్చిలో బిల్లు మొదటిసారి కమిటీ ముందుకి వచ్చింది. వద్దనేవాళ్ల దగ్గర ఉన్న పెద్ద ఆయుధం ఏమిటనుకున్నారు? నా నాలుగు వాక్యాలు. "వాళ్ల మనిషే చెప్పింది కదా" అని పేరు కొట్టేసిన పదమూడేళ్ల నాటి కాగితం బయటికి తీశారు. లొరీథా ఒక శనివారం నూనె రాయడం అయ్యాక, చేతులు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుంది. ఆమె నన్ను జీవితంలో ఒక్కటే అడిగింది. "అక్కా, ఆ వాక్యాలు మీరే వెనక్కి తీసుకోవాలి. ఇంకెవరు కాదన్నా చెల్లదు. బస్సు మంగళవారం ఆరింటికి చర్చి దగ్గర బయలుదేరుతుంది. మీ పక్కన నేనుంటాను" అంది. వస్తానన్నాను. ఒట్టేశాను.

మంగళవారం పొద్దున్నే లేచాను. నీలం గౌను వేసుకున్నాను. టోపీ పెట్టుకున్నాను. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని ముందుగదిలో కూర్చున్నాను. ఫోను మోగింది. మళ్లీ మోగింది. మూడోసారి కూడా మోగింది. నేను ఎత్తలేదు.

ఎందుకంటారా? ఏదైనా పెద్ద కారణం చెబితే బాగుండేది. మే నెలలో ఆసుపత్రి వాళ్లు పాత ఉద్యోగుల ఫొటోలు ముందు హాల్లో పెడుతున్నారు. నా ఫొటో కూడా. చట్రం కట్టించేశామని అప్పటికే చెప్పారు. ఆ ఫొటో తీసేస్తారేమోనని. అదీ నా కారణం. వింటున్నావా జనీయా? ఒక చెక్క చట్రం కోసం.

కమిటీలో తొమ్మిది మంది. ఐదుగురు వద్దన్నారు, నలుగురు సరేనన్నారు. ఆ ఐదుగురిలో ఒక ముసలాయన, ఎటూ తేల్చుకోలేక, "ఆ కాగితం రాసినావిడ ఎక్కడ? ఆవిడ నోటితో వినాలని ఉంది" అని అడిగాడట. లొరీథా తలుపుకేసి చూసి, "దారిలో ఉందండి, వస్తోంది" అందట. ఆయన పావుగంట ఆగాడట. తరవాత వద్దని చెయ్యెత్తాడు.

సాయంత్రం ఆమె ఫోను చేసింది. ఈసారి ఎత్తాను. "మీ కోసం డ్రైవరు బస్సు పది నిమిషాలు ఆపాడక్కా, పాపం అందరిచేతా తిట్లు తిన్నాడు" అంది. ఫోను పెట్టేసింది. శనివారం మామూలుగానే వచ్చింది. నూనె రాసింది. ఈసారి తల కదపకండి అనాల్సిన అవసరం రాలేదు, నేను నోరే తెరవలేదు. జనవరిలో ఆమె పోయింది.

పోయిన వారం డెలోరా మా ఇంటికి వచ్చింది. వాళ్లమ్మ సామాన్లు సర్దుతుంటే దొరికిందని ఒక కాగితం నా చేతిలో పెట్టింది. నా అఫిడవిట్. వెనకవైపు పెన్సిలుతో లొరీథా రాసుకుంది: ఆముదం ఇంత, కొబ్బరినూనె ఇంత, పిప్పరమింటు నాలుగు చుక్కలు, పుండ్ల మీద వద్దు. పైన నా పేరు, ఆమె మొదటిసారి మా ఇంటికొచ్చిన ఆదివారం తేదీ. అంటే ఆ ఆదివారం నా తలుపు కొట్టినప్పుడు ఆ కాగితం ఆమె సంచిలోనే ఉంది. ముందువైపు నేను ఆమెకి చేసింది, వెనకవైపు ఆమె నాకు చేయబోయేది. రెండూ పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, సభలో మీరు మాట్లాడాలి" అంది డెలోరా. "అమ్మ గురించి మంచి మాటలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. మీరు అవి చెప్పక్కర్లేదు." కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లిస్తే తాగలేదు. నేను తప్పు పట్టను.

ఆమె వెనకే జనీయా గుమ్మంలో నిలబడి ఉంది. ఆసుపత్రి ఉత్తరం చేతిలో ఉంది. "ఆంటీ, మీరైతే ఏం చేయమంటారు?" అని అడిగింది. పెద్దలారా, ఇది చెప్పడానికే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. కోసేసుకో తల్లీ, మళ్లీ మొలుస్తుంది అన్న మాట నా నాలుక చివరికి వచ్చేసింది. ఇంత జరిగాక! ఆ కాగితం చేతిలో పట్టుకుని ఉండగా! అంత లోతుగా ఉంది నాలో అది. పెదవి కరుచుకున్నాను. ఆ పిల్లకి జవాబు చెప్పకుండానే పంపేశాను. జనీయా, అందరి ముందూ ఇప్పుడు చెబుతున్నాను. కోసుకోవద్దు. ఒక్క పాయ కూడా. మీ అమ్మమ్మని నేనడిగింది అన్యాయం. నిన్ను వాళ్లడుగుతున్నది అన్యాయం.

గురువారం నేను వెళుతున్నాను. నిన్న నోటరీ ముందు కొత్త అఫిడవిట్ రాసిచ్చాను. అది చదివి ఊరుకోను, ఆ ముసలాయన నా నోటితో వినాలన్నాడు కదా, వింటాడు. నేను మాట్లాడితే బిల్లు నెగ్గుతుందా? నాకు తెలియదు. ఐదుగురిలో ఒక్కరు మారాలి. మారకపోతే మార్చి ఒకటిన ఈ పిల్ల సీటు పోతుంది, దానికి కారణం నేనే అవుతాను, రెండోసారి. ఆసుపత్రికి ఫోను చేసి నా ఫొటో దించమన్నాను. ఎందుకని అడిగారు. గురువారం టీవీలో చూడమన్నాను.

నేను సుద్దులు చెప్పి వెనక్కి పంపిన పదకొండు మందీ, మీకు ఉద్యోగాలు ఇప్పించినందుకు నాకు థాంక్స్ చెబుతూ వచ్చారు. ఇక చెప్పకండి. మీకు రావాల్సింది అలాగే రావాలి, మీ తలతోనే. గురువారం బస్సులో చోటుంది. నా మీద కోపంతో వచ్చినా సరే, రండి. కోపంతో వస్తే ఇంకా మంచిది.

అయిపోయింది. లొరీథాని నేను క్షమించమని అడగలేకపోయాను, ఇప్పుడు అడిగినా వినడానికి ఆమె లేదు. మీరు ఆమె బదులు క్షమించకండి, ఆ హక్కు మీకు లేదు. పాస్టరు గారూ, మీకూ లేదు. ఏమీ అనుకోకండి.

ఇలాంటి చోట ఒక నిమిషం మౌనం పాటించడం ఆనవాయితీ. నేను పద్నాలుగేళ్లు పాటించాను కాబట్టి ఎంతసేపన్నది నిర్ణయించే అర్హత నాకు లేదు. డెలోరా, అది నీ చేతిలో ఉంది. నిమిషమంటావో, పావుగంట అంటావో, నీ ఇష్టం. నువ్వు చాలన్నాకే నేను కూర్చుంటాను.

అందరూ దయచేసి లేచి నిలబడండి.